చిరునామా లేని పువ్వు

మా మామయ్యకి పేరు లేని వస్తువంటే పడదు. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి ఆయన. అందులో చివరి పన్నెండేళ్లు, చిరునామా సరిగా లేక ఎటూ వెళ్లని ఉత్తరాల గదిలో గడిపారు. "ఎర్ర గేటు పక్క మేడ, మా తమ్ముడికి" అని మాత్రమే రాసున్న కవరు పట్టుకుని, ఆ తమ్ముడెవరో కనిపెట్టి చేతికిచ్చిన ఘనత ఆయనది. ఆ సంగతి నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే మూడుసార్లు విన్నాను. రిటైరయ్యాక ఆ పిచ్చంతా ఇంటి మీదికి మళ్లింది. వంటింటి డబ్బాల మీద, స్విచ్చుల మీద, తాళంచెవుల మీద, చివరికి మా ఆయన చెప్పులు పెట్టుకునే అర మీద కూడా గుండ్రటి అక్షరాలతో చీటీలు అంటించి ఉండేవి.

"ఏదో ఒకరోజు నీకూ అంటిస్తారే అమ్మాయ్," అనేది అత్తయ్య. "కోడలు. సెలవు రోజుల్లో లేటుగా లేస్తుంది, అని."

అత్తయ్య టైలరు. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టిందట, అప్పట్నుంచీ ఆపింది లేదు. ఆమెలో ఒక వింత ఉంది. కాలు పెడలు మీద ఆడుతుంటేనే నోరు కూడా ఆడుతుంది. మిషను నడుస్తున్నంతసేపూ వీధిలో వాళ్ల సంగతులు, మా ఆయన చిన్నప్పటి అల్లరి, మామయ్య మీద ఫిర్యాదులు గలగలా వస్తూనే ఉంటాయి. దారం తెగితే మాట కూడా తెగుతుంది. దారం ఎక్కించి మళ్లీ పెడలు తొక్కితే, ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. భోజనాల దగ్గర మాత్రం అడిగినదానికి తప్ప పలకదు. మా ఆయన రైల్లో గార్డు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. కాబట్టి నాకు ఈ ఇంటి సంగతులన్నీ తెలిసింది ఆ మిషను చప్పుడులోంచే.

ఆ ఏడాది చలికాలం మొదట్లో పై వాటాలోవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ, రెండు పగిలిన కుండీలని మట్టితో సహా వదిలిపోయారు. మామయ్య ఆ మట్టిని తీసి తన పుదీనా తొట్టిలో కలిపారు. పుదీనా రాలేదు. నెలరోజులు చూడగా చూడగా గుండ్రటి ఆకులతో ఇంకేదో వచ్చింది.

"ఏమండీ, మీ పుదీనాకి ఒళ్లొచ్చినట్టుంది," అంది అత్తయ్య వరండాలోకి తొంగిచూసి.

"కలుపు మొక్క. పీకేస్తున్నా."

"ఉండండి. ఏం తొందర? మొగ్గ కనిపిస్తోంది."

వారం తిరిగేసరికి జానెడు కాడ లేచి, దాని చివర ఎనిమిది పూలు ఒక్కసారి విచ్చుకున్నాయి. లేత ఊదా రంగు, మధ్యలో ఆకుపచ్చటి చుక్క. ఎవరూ వెయ్యలేదు, ఎవరూ అడగలేదు, అయినా వచ్చి కూర్చుంది. అత్తయ్య చేతిలో టేపు పట్టుకునే వచ్చి చాలాసేపు చూసింది. కొలతలు తీస్తుందేమో అనుకున్నాను. మామయ్య మాత్రం ముఖం మాడ్చుకున్నారు. లోపలికి వెళ్లి చీటీ రాసి తెచ్చి, పుల్లకి కట్టి తొట్టిలో గుచ్చారు. "చిరునామా తెలియదు. విచారణలో ఉంది."

అప్పుడు నేనొక మంచిపని చేశాననుకున్నాను. మిషను దగ్గర కూర్చున్న మనిషికి ఎదురుగా కుట్టే గుడ్డ, కిటికీ అవతల ప్రహరీ గోడ తప్ప ఏముంది? మొక్కని చిన్న కుండీలోకి మార్చి, కిటికీ గట్టు మీద, సరిగ్గా ఆమె కుడిచేతి పక్కన పెట్టాను. దానికి రాత్రి చలి కావాలని మామయ్య చట్టం చేశారు. అందుకని రోజూ సాయంత్రం వరండాలో పెట్టడం, పొద్దున్న ఆరింటికి, ఆమె మిషను దగ్గరికి వచ్చేలోపే, కిటికీలోకి తేవడం నా డ్యూటీ అయింది. తర్వాత తొమ్మిదింటికి నేను లైబ్రరీ ఉద్యోగానికి వెళ్లిపోయేదాన్ని. ఆదివారాలు కూడా ఆరింటికే లేచాను. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించినట్టు లేదు.

"చూశావుటే," అనేది అత్తయ్య పెడలు తొక్కుతూ. ఆసుపత్రి వాళ్ల నీలం కోట్లు అరవై కుట్టాలప్పుడు. "ఇదొచ్చాక నాకు మెడనొప్పి తగ్గింది. మధ్యమధ్యలో తలెత్తి చూస్తున్నాగా. ఇదిగో, ఈ పువ్వు వాడింది." వాడిన పువ్వుని కుడిచేతి బొటనవేలు గోరుతో టుక్కున తుంచేసేది, అచ్చం దారం తుంచినట్టు. ఆకుల్ని కూడా వేళ్లతో ఒకసారి సవరించేది. ఆ చేత్తోనే జారిన కళ్లద్దాలు పైకి తోసుకుని, మళ్లీ కోటు పని.

రెండు వారాలకి ఆమె వేళ్లకి దురద మొదలైంది.

మొదట సూది గుచ్చుకుందేమో అంది. తర్వాత మిషను నూనె పడలేదంది. ఒకరోజు పొద్దున్న చూస్తే కుడి బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా పొక్కులెక్కి, కనురెప్పలు వాచిపోయి ఉన్నాయి. లైబ్రరీకి సెలవు పెట్టి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏం పని చేస్తారమ్మా?"

"కుడతాను."

"ఈమధ్య ఏం కుడుతున్నారు?"

"నీలం కోట్లు. అరవై."

డాక్టరమ్మ తల పంకించింది. "రంగు గుడ్డ వల్ల కావచ్చు. ఇంట్లో కొత్తగా ఏమైనా వాడుతున్నారా? సబ్బు, పౌడరు, కాటుక?"

"ఏం లేదండీ," అన్నాను నేను, అడిగిందే తడవుగా. నిజంగానే లేదనుకున్నాను. కిటికీలో పువ్వుని ఎవరు లెక్కేస్తారు?

"అయితే కొన్నాళ్లు కుట్టుపని మానేసి చూడండి. తగ్గి, మళ్లీ కుట్టగానే వచ్చిందంటే మాత్రం ఇక ఆ పని శాశ్వతంగా వదిలెయ్యాలి. కళ్ల దాకా వచ్చింది కదమ్మా, ఆటలాడకూడదు."

దారి పొడవునా అత్తయ్య నోరు మెదపలేదు. పెడలు మీద కాలు లేదు కదా అని సరిపెట్టుకున్నాను గానీ, మిషను లేకుండా ఆ మనిషిని ఊహించుకోవడం నావల్ల కాలేదు. మామయ్య మాత్రం ఊరుకోలేదు. ఆమె చేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు, సూది ముట్టనని. మిగిలిన కోట్లు పక్కవీధి టైలరుకి పంపేశారు. ఇంట్లోనే ఉంటే ఆమె చెయ్యి ఊరుకోదని, వాళ్ల అక్క ఇంటికి పదిరోజులు పంపించారు.

ఆ పదిరోజులూ ఇంట్లో గోడగడియారం తప్ప ఏదీ మాట్లాడలేదు. మామయ్యకి తోచక, విచారణ కాగితాలు తిరగేశారు. అంటే మా లైబ్రరీ నుంచి నేను తెచ్చిచ్చిన బొమ్మల పుస్తకం, "కుండీల్లో పూలమొక్కలు." భూతద్దం పెట్టుకుని మూడు రోజులు చూసి, నాలుగో రోజు నేను గుమ్మంలో అడుగుపెట్టగానే కేక పెట్టారు.

"దొరికింది! ప్రిములా!"

"అంత ఖాయంగా ఎలా చెప్తున్నారు మామయ్యా?"

"ఇదిగో, అయిదు రేకులు. ప్రతి రేకు చివరా చిన్న నొక్కు. ఆకు మీద ముడతలు. పేజీ డెబ్బై రెండు. పాపం, మంచి జాతి మొక్క. దీని పూలు పళ్లెంలో అలంకరించుకుని తింటారట కూడా." పాత చీటీ పీకేసి కొత్తది గుచ్చారు. "ప్రిములా." విచారణ ముగిసింది. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ స్నానానికెళ్లారు.

పదకొండో రోజు అత్తయ్య వచ్చింది. చేతులు చూస్తే పొక్కు లేదు, ఎరుపు లేదు, రెప్పలు మామూలుగా ఉన్నాయి. మా సంతోషానికి అంతులేదు. ఆమె బ్యాగు కూడా కింద పెట్టకుండా నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లింది.

"పదిరోజుల్లో ఎంత పాడుచేశారే దీన్ని! అన్నీ వాడిపోయినవే!" అంటూ వాడిన పూలన్నీ టుకటుకా తుంచేసింది. ఆ మర్నాడు, మామయ్య పాలకి వెళ్లినప్పుడు, నా బ్లౌజు చేతి కుట్టు ఊడిందని మిషను మీద రెండంటే రెండు కుట్లు వేసింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మూడో రోజుకి పొక్కులు మళ్లీ వచ్చాయి.

ఈసారి డాక్టరు దాకా వెళ్లలేదు. ఆవిడ ముందే చెప్పింది కదా, మళ్లీ కుట్టగానే వస్తే అంతే సంగతులని. అత్తయ్య తనే ఫోన్ చేసింది, ఆడపిల్లలకి కుట్టు నేర్పే బడికి. "మిషను ఇచ్చేస్తాను, శనివారం వచ్చి తీసుకెళ్లండి," అంది. అంతే, ఒక్క ముక్క. మామయ్య కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి పంపు విప్పుకుని ఏడ్చాను. రెండు కుట్లకి నా బ్లౌజు ఎందుకిచ్చానా అని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. అత్తయ్య మిషనుకి నూనె పెట్టి, పాత బనీను గుడ్డతో తుడిచి, మీద దుప్పటి కప్పింది. ఇక రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చుని పువ్వుతో కాలక్షేపం. పొక్కులు తగ్గకపోగా మణికట్టు దాకా పాకాయి.

గురువారం మధ్యాహ్నం అత్తయ్య పడుకుని ఉండగా పెద్దత్తయ్య, అంటే వాళ్ల అక్క, ఫోన్ చేసింది.

"ఎలా ఉందే మా చెల్లి? దాని చేతి చలవ, మా ఇంట్లో కర్టెన్లు చూసి అందరూ కుళ్లుకుంటున్నారు. పదకొండు కర్టెన్లు! వారంలో కుట్టిపారేసింది."

"కుట్టిందా?" అన్నాను. "ఏ గుడ్డ పెద్దత్తయ్యా?"

"ముదురు నీలం. రంగు పోయే రకమే తల్లీ, దాని చేతులు మోచేతుల దాకా నీలంగా అయ్యాయి. కడుక్కోలేక చచ్చింది. అయ్యో, ఇంట్లో చెప్పొద్దంది! నేను చెప్పానని అనకు."

ఫోన్ పెట్టేసి వచ్చాను. మామయ్య భోజనాల బల్ల దగ్గర ఆ పూలపుస్తకం తెరుచుకుని కూర్చున్నారు. రేపటికల్లా పుస్తకం తిరిగివ్వాలని నేను పొద్దున్నే చెప్పాను. ఇచ్చేముందు ఒకసారి సరిచూసుకోవడం ఆయన పాత అలవాటు. ముఖం చూస్తే తేడాగా ఉంది.

"అమ్మాయ్, నావల్ల పొరపాటు జరిగింది," అన్నారు భూతద్దం దించకుండానే. "ఇంటిపేరు కుదిరింది కదా అని ఉత్తరం ఇచ్చేశాను. అదే ఇంటిపేరుతో వీధిలో ఇంకొకళ్లు ఉన్నారు. డెబ్బై రెండో పేజీ దానికి ఆకు కిందికంటా సన్నబడుతుందట. మనదానికి ఆకు గుండ్రం, దానికి విడిగా కాడ ఉంది. ఒళ్లంతా సన్నటి నూగు. పువ్వు కింద పచ్చటి దొప్ప చూడు, గరాటులాగా. డెబ్బై నాలుగో పేజీ. ప్రిములా ఒబ్కోనికా." వేలు పెట్టి కిందికి చదివారు. "చలికాలంలో ఇంటి లోపల కూడా ఎక్కువకాలం పూస్తుంది. అయితే దీని ఆకుల నూగు తగిలితే కొందరికి వేళ్ల మీద, కనురెప్పల మీద..."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మామయ్యా, అత్తయ్య అక్కడ కుట్టింది," అన్నాను. "పదకొండు కర్టెన్లు. నీలం గుడ్డ. చేతులకి రంగంటిందట. అయినా ఒక్క పొక్కు రాలేదు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "రంగు గుడ్డ రెండు చేతులతో పట్టుకుంటుంది కదూ?"

"అవును."

"మరి ఎడమచేతికి ఎందుకు రాలేదు? ఇన్నాళ్లూ ఈ మాట నాకు తట్టలేదేం? ముప్పై నాలుగేళ్ల సర్వీసు తగలెయ్యనా!"

లేచి ముందుగదిలోకి వెళ్లారు. చేతిరుమాలు చుట్టుకుని కుండీ ఎత్తి, వరండా చివరికి పట్టుకుపోయారు. వచ్చి కిటికీ గట్టు తడిగుడ్డతో తుడిచారు. మిషను మీది దుప్పటి తీసి మడతపెట్టారు. తర్వాత ఫోన్ దగ్గరికి వెళ్లి, కుట్టు బడికి చేసి, "శనివారం రాకండమ్మా, మిషనుకి పనుంది," అన్నారు.

నిద్రలేచి వచ్చిన అత్తయ్యకి ఆయనే అంతా చెప్పారు. పుస్తకంలో పేజీ చూపించారు. కర్టెన్ల మాట వచ్చేసరికి ఆమె తల దించుకుంది.

"ఎందుకు దాచావోయ్? ఆ ఒక్క మాట చెప్పుంటే..."

"ఏమని చెప్పను? మీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. రెండో రోజుకే తప్పాను. అక్కడ రాలేదు, ఇక్కడికి వచ్చాక వచ్చింది. ఒట్టు తప్పిన పాపం ఆలస్యంగా బయటపడిందనుకున్నాను." కళ్లనీళ్లు తుడుచుకోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను, రెప్పలకి మళ్లీ తగులుతుందని. "మీకేమైనా అవుతుందేమోనని రోజూ మీకు ముందుగా కాఫీ ఇచ్చి చూస్తున్నాను, బాగానే ఉన్నారా లేదా అని."

"అందుకా నాలుగు రోజులుగా నిద్రలేపి మరీ కాఫీ ఇస్తున్నావు!" అన్నారు మామయ్య. నవ్వాలో ఏడవాలో ఆయనకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

"అసలు తప్పు నాది అత్తయ్యా," అన్నాను. ఇక దాచుకోలేకపోయాను. "రోజూ పొద్దున్నే ఎత్తి తెచ్చి మీ చేతికింద పెట్టింది నేనే."

ఆమె నా ముఖంలోకి చూసింది. మామూలుగానైతే పెడలు లేకుండా ఆమెకి ఇన్ని మాటలు రావు. ఆ రోజు వచ్చాయి.

"పిచ్చిమొహమా, ఆ పువ్వు లేకపోతే ఆ అరవై కోట్లలో నలభై అయినా అయ్యేవా?"

ఎనిమిది రోజులకి చేతులు శుభ్రమయ్యాయి. తొమ్మిదో రోజు మామయ్య పరీక్ష పెట్టారు. పక్కవీధి టైలరు దగ్గర్నుంచి ఒక నీలం కోటు వెనక్కి తెప్పించి, దాని మీదే కుట్టించారు. ఆయన గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డారు. పెడలు కదలగానే అత్తయ్య మొదలెట్టింది. అక్క ఇంటి సంగతులు, వాళ్ల పక్కింటివాళ్ల కుళ్లు, మామయ్య చీటీల పిచ్చి, ఇన్నాళ్ల బాకీ అంతా ఒక్క గంటలో తీర్చేసింది. మర్నాడు చూశాం, మూడోనాడు చూశాం. ఒక్క పొక్కు లేదు. మామయ్య వెళ్లి డాక్టరమ్మకి ఆకు బొమ్మ చూపించి వచ్చారు. ఆవిడ మొక్క పేరు రాసుకుందట.

ఇక మొక్క సంగతి తేలాలి. మామయ్య కాగితం సంచి, పాత చేతిరుమాలు సిద్ధం చేసుకున్నారు, ఎక్కడైనా దూరంగా పారేసి రావడానికి.

"పారేస్తారా?" అంది అత్తయ్య మిషను ఆపి. "దానికేం తెలుసండీ పాపం? మట్టిలో పడింది, మొలిచింది, పూసింది. పిలవకపోయినా వచ్చిందని గెంటేస్తామా?"

"మళ్లీ దాన్ని ముట్టుకోకుండా ఉండగలవా నువ్వు? వాడిన పువ్వు కనిపిస్తే నీ గోరు ఊరుకుంటుందా?"

ఆ రోజు మధ్యాహ్నం నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి పాత రెయిన్‌కోటు ఒకటి ముక్కలై నేలమీద పడి ఉంది. మిషను మీద ఆమె ఏదో చిన్న పని చేస్తోంది. "ఏమే, చెయ్యి ఇలా పెట్టు," అని నా అరచెయ్యి కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసింది. సాయంత్రానికి ఒక జత చేతితొడుగులు తయారయ్యాయి. వేలు వేలుకీ రెండేసి కుట్లు, లోపల మెత్తటి గుడ్డ. నేను ఈ ఇంటికొచ్చాక ఆమె నాకోసం పూర్తిగా కొత్తగా కుట్టిన మొదటి వస్తువు అదే.

మామయ్య కిటికీ బయటి గోడకి మేకులు కొట్టి చిన్న అర బిగించారు. కుండీ ఆ అర మీద, గాజుకి అవతల పెట్టాం, మిషను దగ్గర కూర్చుని తలెత్తితే సరిగ్గా కళ్లకి ఎదురొచ్చేలా. చీటీ మూడోసారి మారింది. "ప్రిములా ఒబ్కోనికా. చూడవచ్చు, ముట్టరాదు."

మొదటి రోజు పొద్దున్న ఆరింటికి బయట నిలబడి, తొడుగులు వేసుకుని, వాడిన పూలు తుంచుతున్నాను. లోపల్నుంచి గాజు మీద వేలితో తడుతోంది అత్తయ్య. "ఎడంపక్కది వదిలేశావ్! కింద ఇంకోటి! నీకు కుట్టూ రాదు, తుంచడమూ రాదు!" మిషను చప్పుడు, ఆమె గొంతు రెండూ కలిసి వస్తున్నాయి. నవ్వుతూ లోపలికొచ్చి తొడుగులు విప్పుతుంటే మామయ్య చీటీ, జిగురు పట్టుకుని ఎదురొచ్చారు.

"ఇటివ్వు, వీటికి పేరు అంటించాలి. లేకపోతే ఎవరైనా వంటింట్లో వాడేస్తారు."

"మీ జిగురక్కర్లేదు," అంది అత్తయ్య తల తిప్పకుండానే. "నేను రాసేశాను."

మణికట్టు దగ్గర అంచు మడిచి చూశాను. లోపల నీలం దారంతో, సన్నటి చేతికుట్టుతో అక్షరాలున్నాయి. "కోడలు. సెలవు రోజుల్లో కూడా పెందలాడే లేస్తుంది."

మామయ్య రెండుసార్లు చదివి, చీటీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నేనేమో ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇప్పటికీ ఆదివారాలు ఆరింటికే లేస్తున్నాను.